పది రోజులు, ఒకే నది: పోర్టో నుంచి డౌరో ద్రాక్షతోటల దాకా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశాఖ నుంచి నలుగురు వస్తున్నారు. మీరు, మీ ఆవిడ, మీ వదినగారు, మీ తోడల్లుడుగారు. ఆయనకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. అక్కాచెల్లెళ్లిద్దరూ శాకాహారులు, మందు ముట్టరు. చేతిలో ఉన్నవి పది రోజులు. పాత ఊళ్లు చూడాలి, ద్రాక్షతోటల్లో కొన్నాళ్లు ఉండాలి అన్నారు. ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన ప్లాన్‌లో ప్యారిస్, బోర్డో, స్విట్జర్లాండ్, ఫ్లోరెన్స్, రోమ్ ఉన్నాయి. ఇది బాగుంటుందా అని అడిగారు.

బాగుండదండీ. ఆ ప్లాన్‌లో మీరు ఎక్కువ సేపు చూసేది ఎయిర్‌పోర్టులనూ బస్సు కిటికీలనూ. ఊళ్లు కాదు. వైనరీ అని రాసిన చోట కూడా దొరికేది గంటన్నర. బస్సు దిగడం, మూడు గ్లాసులు రుచి చూడడం, షాపులో బిల్లు కట్టడం, మళ్లీ బస్సెక్కడం. నేను జర్మనీలో 16 ఏళ్లుగా ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలనూ స్నేహితులనూ వెంటబెట్టుకుని యూరప్‌లో వైన్ పండే ప్రాంతాలు చాలా తిరిగాను. మీలాంటి బృందానికి నేను చెప్పే చోటు ఒక్కటే. పోర్చుగల్‌లో పోర్టో నగరం, దానికి ఎగువన డౌరో నది లోయ.

ఫ్రాన్స్‌లోని బోర్డో, ఇటలీలో ఫ్లోరెన్స్ చుట్టూ ఉన్న టస్కనీ గొప్పవి కావని కాదు. బోర్డో పక్కన సెంట్ ఎమిలియన్ అనే చిన్న ఊరంటే నాకు ప్రాణం. కానీ రెండు చోట్లా తోటలు దూరదూరంగా ఉంటాయి, కారు లేకపోతే కష్టం. వైన్ రుచి చూడ్డానికి వెళ్లే చోట మీరే డ్రైవింగ్ చేయడం నాకు నచ్చదు. పోర్చుగల్‌లో పరిమితి లీటరు రక్తానికి అర గ్రాము. ఇక్కడి తియ్యటి వైన్ పోర్ట్‌లో ఆల్కహాల్ 19 నుంచి 22 శాతం దాకా ఉంటుంది కాబట్టి రెండు చిన్న గ్లాసులకే లెక్క తేడా వస్తుంది. డౌరోలో ఆ బెంగ లేదు. రైలు నది పక్కనే, తోటల మధ్యలోంచే వెళ్తుంది.

ఇంకో కారణం నాకు ఇంతకన్నా ముఖ్యం. ఇక్కడ పాత ఊరూ ద్రాక్షతోటా వేర్వేరు టూర్లు కావు. కొండ మీద పండిన ద్రాక్ష వైన్ అయి, నది మీద పడవల్లో దిగి, సముద్రం దగ్గరి గోదాముల్లో ఏళ్ల తరబడి నిలవ ఉండి, ఓడలెక్కి దేశాలు దాటింది. ఆ సొమ్ముతోనే పోర్టో పెరిగింది. నది వెంట పైకి వెళ్లి మళ్లీ కిందికి వస్తే కథంతా మీ కళ్ల ముందే నడుస్తుంది.

అందుకే చాలామంది చేసే వరసను మార్చమంటాను. అందరూ పోర్టోలో దిగగానే అవతలి ఒడ్డున ఉన్న గాయాకు పరిగెత్తి వైన్ గోదాములు చూసేస్తారు. మీరు వాటిని చివరికి ఉంచుకోండి. పోర్టోలో రెండు రాత్రులు, డౌరోలో మూడు, తిరిగి పోర్టోలో ఒకటి. గాయాకు అప్పుడు వెళ్లండి. ఆ తర్వాత కోయింబ్రా అనే పాత ఊళ్లో ఒక రాత్రి, లిస్బన్‌లో రెండు. మొత్తం తొమ్మిది.

పోర్టోలో మొదటి రెండు రోజులు తీరిగ్గా నడవండి. ఊరంతా ఎత్తుపల్లాలు, రాళ్లు పరిచిన సందులు. కొత్త చెప్పులు వద్దు, అలవాటైన బూట్లు వేసుకోండి. తోడల్లుడుగారికి దారి చెబుతాను. కింద నది ఒడ్డున ఉండే రిబేరా పేటకు మెట్లు దిగకుండా, బతల్యా చౌరస్తా దగ్గర నుంచి గిందైష్ అనే కేబుల్ రైలు ఉంది, అది ఎక్కండి. డోం లూయిష్ వంతెనకు రెండు అంతస్తులు. పైదాని మీద మెట్రో, కిందిదాని మీద రోడ్డు. రెంటి మీదా నడవొచ్చు. 1886లో మొదలైన ఈ ఇనుప వంతెనను గీసిన తెయోఫిల్ సెయ్‌రిగ్ ఒకప్పుడు ఐఫెల్ వ్యాపార భాగస్వామి. మెట్రోలో పై అంతస్తు దాటి అవతల దిగితే పార్కు, అక్కడి నుంచి గాయా ఒడ్డుకు కేబుల్ కారు. ఆయన ఎక్కడా మెట్లు ఎక్కాల్సిన పనిలేదు.

సావ్ బెంతో రైల్వేస్టేషన్‌కు ఒక పూట ఇవ్వండి. టికెట్ కౌంటర్లున్న హాలు గోడల నిండా నీలం, తెలుపు పలకలు, దాదాపు 20 వేలు. జోర్జ్ కొలాసు అనే చిత్రకారుడు వేశాడు. 1415లో ఆఫ్రికా ఉత్తర తీరంలోని సెయూతా నగరాన్ని పోర్చుగీసువాళ్లు గెలిచిన ఘట్టం ఒక గోడ మీద ఉంటుంది. ఆ దండయాత్రలో పాల్గొన్న రాకుమారుడు హెన్రీ పుట్టింది పోర్టోలోనే, 1394లో. తర్వాత ఆఫ్రికా తీరం వెంట ఓడలు పంపించి, ఎనభై ఏళ్లకు పైగా గడిచాక వాస్కో డ గామా మన దేశానికి రావడానికి బాట వేసినవాడు ఆయనే. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి బయటికి మామూలు రాతి గోడలే. లోపల చెక్క మీద చెక్కిన నగిషీ అంతా బంగారు రేకు. వెళ్లి తీరాలి. పేరున్న పుస్తకాల షాపు లెల్లో దగ్గర క్యూ చాలా పొడుగు, లోపల జనం కిక్కిరిసి ఉంటారు. మీకు టైమ్ లేకపోతే వదిలేయండి.

మూడో రోజు పొద్దున రైలు. కొన్ని సావ్ బెంతో నుంచే బయల్దేరతాయి, కొన్ని కంపన్యా స్టేషన్ నుంచి. ముందురోజే చూసుకోండి. ఈ రైళ్లలో సీటు నంబర్లుండవు, కాబట్టి అరగంట ముందే వెళ్లి కుడిపక్క కిటికీలు పట్టుకోండి. 65 దాటినవాళ్లకు సగం టికెట్టే, తోడల్లుడుగారి పాస్‌పోర్టు చూపిస్తే చాలు. మొదటి గంట మామూలు పల్లెలు, చిన్న స్టేషన్లు. ఇదేనా మీరు ఇంత చెప్పింది అని మా అమ్మ అడిగింది కూడా. తర్వాత ఒక మలుపులో చెట్లు పక్కకు తప్పుకుని నది కనిపిస్తుంది. అక్కడి నుంచి మీరు దిగే పిన్యావ్ అనే ఊరి దాకా రైలు నీళ్లను విడిచిపెట్టదు. మా అమ్మ ఆ తర్వాత మాట్లాడలేదు, కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది.

పిన్యావ్ చేరడానికి రెండున్నర గంటలు పడుతుంది. బస మాత్రం దారిలో వచ్చే రేగ్వా కంటే పిన్యావ్ చుట్టుపక్కలే చూడండి. రేగ్వా పెద్ద ఊరు. తోటల మధ్య ఉండే ఎస్టేట్‌ను వాళ్లు కింతా అంటారు. పాత రాతి ఇల్లు, వైన్ చేసే షెడ్డు, చుట్టూ తోట. చాలా కింతాల్లో నాలుగైదు గదులు అద్దెకిస్తారు. మూడు రాత్రులు ఒకే కింతాలో ఉండండి. పగలు వచ్చిపోయేవాళ్లకు దొరకనిది సాయంత్రం ఆరు తర్వాత దొరుకుతుంది. ఎండ దిగాక ఎదుటి కొండ మీద తోట కోసం కట్టిన ఒక్కొక్క మెట్టూ నీడ గీతలా తేలుతుంది. అప్పటికి టూరిస్టు పడవలన్నీ వెళ్లిపోయి ఉంటాయి.

ఆ మెట్ల గురించి కాస్త చెప్పనివ్వండి. అక్కడ నేల అంటే మట్టి కాదు, పలకలు పలకలుగా చీలే రాయి. గునపంతో కొట్టి, పగలగొట్టి, ఆ ముక్కలతోనే సున్నం లేకుండా గోడలు పేర్చి, వెనక రాతిపొడి నింపి తోట వేశారు. పలకల మధ్య సందుల్లోంచి వేరు నీటి కోసం మీటర్ల లోతుకు దిగుతుంది. ఒక సాయంత్రం మా కింతాలో పనిచేసే పెద్దాయన నా చేతికి ఒక పలక ఇచ్చాడు. సూర్యుడు దిగి గంటైనా అది వెచ్చగానే ఉంది. రాత్రంతా ఆ వెచ్చదనం తీగకు తగులుతూనే ఉంటుంది, ద్రాక్షలో తీపి అంత చిక్కగా ఉండడానికి అదీ ఒక కారణం అని చెప్పాడు. తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం అని అక్కడివాళ్ల సామెత. జులై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు దాటుతుంది. విశాఖవాళ్లకు ఎండ కొత్త కాకపోయినా ఆ రెండు నెలల్లో వెళ్లొద్దు.

కొండల మీద కొన్నిచోట్ల గోడలుంటాయి, తోట ఉండదు. పొదలో, ఆలివ్ చెట్లో కనిపిస్తాయి. వాటిని అక్కడివాళ్లు మొర్తోరియు అంటారు, చచ్చిన తోటలని అర్థం. 1860ల్లో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పురుగు వేర్లను తినేసింది. ఊళ్లకు ఊళ్లు దివాలా తీశాయి. చివరికి ఆ పురుగును తట్టుకునే అమెరికా తీగ వేరు మీదే ఇక్కడి రకాలను అంటుకట్టి తోటలను మళ్లీ నిలబెట్టారు. కానీ అన్ని మెట్లనూ మళ్లీ నాటే శక్తి ఎవరికీ లేకపోయింది. గైడ్ చెప్పకపోయినా అడిగి ఆ చచ్చిన మెట్లను చూడండి. పచ్చటి తోట విలువ వాటి పక్కన తెలుస్తుంది.

ఇంత పాత ప్రాంతానికి హద్దులు గీసింది 1756లో. లిస్బన్‌ను భూకంపం నేలమట్టం చేసింది 1755లో. ఆ నగరాన్ని తిరిగి కట్టించిన మంత్రి పోంబాల్, మరుసటి ఏడాదే డౌరో వైన్‌కు హద్దులు వేశాడు. రంగు కోసం వైన్‌లో వేరే పండ్ల రసం కలిపే మోసం అప్పట్లో ఎక్కువగా ఉండేది. ఆ పండు కాసే చెట్లనే పెరికించేశాడు. హద్దురాళ్లు కొన్ని ఇప్పటికీ తోటల్లో నిలబడి ఉన్నాయి. చివరి రెండు రోజులు లిస్బన్‌లో ఉంటారు కదా, అక్కడి తిన్నని వీధుల్లో నడిచేటప్పుడు ఈ మనిషిని గుర్తుచేసుకోండి.

వైన్ తయారీ గురించి మీకు ముందే తెలిస్తే అక్కడ చెప్పేది బాగా ఎక్కుతుంది. ద్రాక్ష రసం పులుస్తూ ఉంటే అందులోని తీపి ఆల్కహాల్‌గా మారుతుంది. పోర్ట్ విషయంలో సగం తీపి ఉండగానే, రెండు మూడు రోజులకే, 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా పోస్తారు. పులియడం ఆగిపోతుంది, మిగిలిన తీపి నిలిచిపోతుంది. పాత లెక్క ప్రకారం 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా. మొత్తం 550 లీటర్లు, ఒక పీపా. అవును, వాళ్ల మాట కూడా పీపానే. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మన పీపా, బాల్చీ, మేస్త్రీ, అనాస, బొత్తాం, తువ్వాలు ఆ భాష నుంచి వచ్చినవే. గది తుడిచే ఆవిడ బాల్చీని బాల్ద్ అంటుంటే మీ ఆవిడకు చూపించండి.

సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా కోత. వీలైతే అప్పుడే రండి, లేదంటే మే నెల. కోత రోజుల్లో కొన్ని కింతాల్లో రాతి తొట్టిలో ద్రాక్ష తొక్కనిస్తారు, ముందే రాసి అడగాలి. నేను ఒకసారి తొక్కాను. రాత్రి భోజనాలయ్యాక, కాళ్లు కడిగి, లాగూలతో తొట్టిలో దిగాం. తొడల దాకా ద్రాక్ష. మొదటి అడుగుకు చల్లగా, జారుడుగా ఉంది. గుత్తుల కాడలు అరికాళ్లకు గుచ్చుకున్నాయి. పక్కవాళ్ల భుజాల మీద చేతులు వేసి, వరసగా నిలబడి, ఎడమ, కుడి అని ఒకాయన అరుస్తుంటే అందరూ ఒకే అడుగు వేయాలి. రెండు గంటలు అంతే, నవ్వులూ కబుర్లూ లేవు. తర్వాత ఆయన స్వేచ్ఛ అని కేకేస్తాడు. అకార్డియన్ మొదలవుతుంది, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు తొట్టిలోనే చిందులేస్తారు. అప్పటికి రసం గోరువెచ్చగా మారుతుంది. మనిషి కాలు గింజను చిదమదు, చిదిమితే చేదు దిగుతుంది. అందుకే యంత్రాలొచ్చినా మంచి వైన్‌కు ఇంకా కాళ్లతో తొక్కించేవాళ్లున్నారు. మా గోళ్ల కింద ఊదారంగు వారం దాకా పోలేదు.

రోజుకు ఒక్క కింతాలోనే రుచి చూడండి, మరీ అయితే రెండు, అంతకు మించొద్దు. మొదటిసారి నేను ఒక టూర్ కంపెనీ మాట విని ఒక్కరోజులో నాలుగు తిరిగాను. మూడో చోటికే నాలుక మొద్దుబారింది, నాలుగో చోట ఏం తాగానో గుర్తే లేదు. గ్లాసులో పోసిందంతా తాగక్కర్లేదు. ఉమ్మడానికి గిన్నె పెడతారు. మనకు మర్యాద కాదనిపిస్తుంది గానీ అక్కడ వైన్ తెలిసినవాళ్లు చేసే పని అదే. మీ ఆవిడా వదినగారూ ఊరికే కూర్చోవాలేమో అని టెన్షన్ పడొద్దు. ఆ తోటల్లోనే ఆలివ్‌లూ బాదం కూడా పండుతాయి. ఆలివ్ నూనె రుచి చూపించే కింతాలున్నాయి, బుక్ చేసేటప్పుడే ఇద్దరికి అది కావాలని రాయండి. తాజా నూనె గొంతు దగ్గర మిరియంలా మండుతుంది, ఆ మంట మంచి నూనెకు గుర్తు.

తోటకు టాక్సీలో వెళ్తే తిరుగు టాక్సీ కూడా వెళ్లేటప్పుడే మాట్లాడుకోండి. కొండల మీద ఫోన్ సిగ్నల్ ఉండదు. ఒకసారి మాకు తిరుగు బండి రాలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరు కిలోమీటర్లు నడిచి దిగాం. తోడల్లుడుగారి మోకాళ్లతో ఆ పరిస్థితి రాకూడదు.

మధ్యలో ఒకరోజు పిన్యావ్ నుంచి అదే రైలెక్కి చివరి స్టేషన్ పొసీన్యు దాకా వెళ్లి రండి, ఒకవైపు గంట. లోయ అక్కడ ఇరుకై, వలేరా దగ్గర రెండువైపులా నిట్టనిలువు బండలవుతాయి. 1861లో సుడుల్లో పడవ తిరగబడి, డౌరో పటం గీసిన ఇంగ్లీషు వ్యాపారి ఫారెస్టర్ అక్కడే మునిగిపోయాడు. నడుముకు కట్టుకున్న డబ్బుల బెల్టు బరువుకే మునిగాడంటారు. అదే పడవలో ఉన్న దోనా అంతోనియా ఫెరేరాను ఆవిడ గుండ్రటి పెద్ద గౌను తేల్చి కాపాడిందని చెప్పుకుంటారు. ముప్పై ఏళ్లు దాటుతూనే భర్త పోతే వ్యాపారం చేతిలోకి తీసుకుని, పురుగు పట్టిన రోజుల్లోనూ కొత్త తోటలు వేయించిన మనిషి ఆవిడ. డ్యాములు కట్టాక ఆ సుడులు నీళ్ల కింద పడిపోయాయి. ఇప్పుడు అక్కడ నది చెరువులా నిశ్చలంగా ఉంటుంది.

తిండి సంగతి. తలసరి లెక్కన యూరప్‌లో అన్నం ఎక్కువగా తినేది పోర్చుగీసువాళ్లే, అదొక ధైర్యం. టమాటా అన్నం, చిక్కుడుగింజల అన్నం దొరుకుతాయి. కానీ వాటిలోనూ, ఆకుకూర, బంగాళదుంప వేసే కాల్దు వెర్ద్ అనే సూప్‌లోనూ పంది సాసేజ్ ముక్క వేయడం మామూలు. సేం కార్న్, సేం పెయ్‌ష్ అనండి. మాంసం వద్దు, చేప వద్దు అని అర్థం. రెండూ చెప్పాలి, మాంసం వద్దంటే చేప పెట్టేస్తారు. కూర్చోగానే బల్ల మీద పెట్టే రొట్టె, ఆలివ్‌లు ఉచితం కావు. వద్దనుకుంటే ముట్టుకోకుండా వెనక్కి ఇచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. పోర్టో, లిస్బన్‌లలో ఇండియన్ హోటళ్లున్నాయి. పిన్యావ్‌లో మాత్రం కష్టం, పులిహోర పేస్టు, ఊరగాయ సీసా పెట్టుకోండి.

ఇక గాయా. కొండ నుంచి దిగి వచ్చిన సాయంత్రం గోదాములోకి అడుగుపెట్టండి. బయట ఎండ, లోపల చల్లటి చీకటి, తడి మట్టి వాసనలో కలిసిన ఎండుద్రాక్ష వాసన. ఎగువన వేసవి వేడికి వైన్ తొందరగా ముదిరిపోతుంది. అందుకే సముద్రపు తేమ తగిలే, ఉత్తరానికి తిరిగిన ఈ ఒడ్డుకు దించేవారు. 1986 దాకా ఎగుమతి అంతా ఇక్కడి నుంచే జరగాలని చట్టమే ఉండేది. ఇరవయ్యేళ్ల టానీ, అంటే చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచిన పోర్ట్, ఒక గ్లాసు అడగండి. ముదురు తేనె రంగు, నోట్లో ఎండు అంజీర, వాల్‌నట్, కాగిన బెల్లం పాకం. అది ఏ కొండ మీది రాయిలోంచి వచ్చిందో అప్పటికి మీకు తెలిసి ఉంటుంది. దీన్ని చివరికి ఉంచుకోమన్నది ఇందుకే.

ఇంటికి తెచ్చుకుంటే టానీనే కొనండి. మూత తీసినా ఫ్రిజ్‌లో కొన్ని వారాలు బాగుంటుంది. వింటేజ్ అని రాసిన సీసా తీశాక రెండు రోజుల్లో అయిపోవాలి, మీ ఇంట్లో తాగేది ఒక్కరే కదా. సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లు తేవొచ్చు. ఊళ్లో కొన్న సీసాలు చెకిన్ పెట్టెలోనే పెట్టాలి, బట్టల మధ్య చుట్టి.

వీసా విషయం ఒక్కటే చెబుతాను. షెంగెన్ వీసాకు ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే అప్లై చేయాలి, మీకు అది పోర్చుగల్. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, 15 రోజుల ముందు ఆఖరు. అంతదాకా ఆగొద్దు. 30 వేల యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. హైదరాబాద్ నుంచి పోర్టోకు నేరుగా విమానం లేదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారితే సులువు. టికెట్ తీసేటప్పుడు వెళ్లడం పోర్టోకు, తిరుగు లిస్బన్ నుంచి పెట్టుకోండి, వెనక్కి రావాల్సిన పని ఉండదు.

సెప్టెంబర్ అనుకుంటే ముందు కింతాలో గది చూసుకుని, ఆ తేదీల చుట్టూ మిగతావి అమర్చుకోండి. కోత రోజుల్లో గదులు వసంతంలోనే అయిపోతాయి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఏ రైలు ఎక్కాలో చూసి చెబుతాను.